గద్వాల దారిలో పగిలిన పెట్రోలు పైపు

గద్వాల వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా వీధి ఆడవాళ్లు ఒక్కటే అడుగుతున్నారు, చీర ఎంతకు కొన్నావని. కొనలేదు. ఊళ్లోకి చేరేసరికి పండగని మధ్యాహ్నానికే కొట్లు కట్టేశారు, తెల్లారి బస్సెక్కి వచ్చేశాం. మూడు రోజుల ప్రయాణంలో నేను చీరల కంటే శ్రద్ధగా చూసింది మూరెడు పొడవున్న ఒక ప్లాస్టిక్ గొట్టాన్ని. గద్వాల చీరల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ గొట్టం గురించి రాసేవాళ్లు లేరు గనుక నేను రాస్తున్నాను. నలుగురం ఒళ్లు కాలకుండా ఇల్లు చేరినందుకు రోజూ దీపం పెట్టేటప్పుడు స్వామికి మొక్కుకుంటూనే ఉన్నాను. మనుషుల గురించి చెప్పడానికి మాత్రం నా దగ్గర అన్ని మంచి మాటలు లేవు.

నాగర్‌కర్నూల్

మా వారి అన్నగారు నాగర్‌కర్నూల్‌లో పాతికేళ్లు సైన్సు మాస్టారుగా పనిచేసి అక్కడే రిటైరయ్యారు. రిటైరైన మనిషి ఆవును కొనుక్కుంటాడు, లేదా వసారా వేయించుకుంటాడు. మా బావగారు వేలంలో పాత పెట్రోలు జీపు కొన్నారు. దసరా సెలవులకు రండి, జీపులో గద్వాల చూపిస్తాను అని ఉత్తరం రాశారు. తెనాలి పక్కన మా ఊరి నుంచి మూడు బస్సులు మారి, నడుములు పట్టేసి దిగాం.

కాళ్లు కడుక్కోకముందే జీపు దర్శనం. బానెట్ ఎత్తి, ఇంటి చుట్టాలను పరిచయం చేసినట్టు ఒక్కో భాగాన్నీ మా వారికి పరిచయం చేశారు. ఇది పంపు, ఇది కార్బ్యురేటరు. ఆ రెంటికీ మధ్య ఉండవలసిన ఇనప గొట్టం లేదు. పాత యజమాని ఎవరో దాని బదులు ప్లాస్టిక్ పైపు తగిలించాడు. అది నిలవ నెయ్యి రంగుకు తిరిగి, వేడెక్కే ఇనుముకు ఆనుకుని, వంపు దగ్గర బిరుసెక్కి ఉంది. ఆ వంపులో చిన్న తడి. నేను తలుపు చాటున నిలబడే చూశాను. వాసన కూడా తగిలింది.

చెప్పాలిగా. చెప్పడంలోనే ఉంది చిక్కంతా. మా ఇళ్లల్లో మరదలు బావగారికి ఎదురుపడి మాట్లాడదు. ఆయన వస్తే లేచి పక్కకు తప్పుకోవడం, ఏదైనా కావాలంటే తోటికోడలి ద్వారా చెప్పించడం. పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా ఆయనతో నేను ఒక్క మాట ఆడి ఎరగను. దాన్ని మర్యాద అనుకున్నాను. నేను బడికి వెళ్లినదాన్ని కాదు. మా నాన్నగారు అరుగు మీద కూర్చోబెట్టి చెప్పినదే నా చదువు. అందులో ఈ మర్యాద కూడా ఒక పాఠం.

అక్కయ్యకు, అంటే మా తోటికోడలికి, చెవిలో చెప్పాను, పైపు దగ్గర పెట్రోలు చెమరుస్తోందని. అక్కయ్యకు మొగుడంటే భయం. జీపులో తప్పు ఉందని ఆయనతో అనే ధైర్యం ఆవిడకు ఈ జన్మలో రాదు. వంటింట్లోంచి వెళ్లి చావడిలో ఆవిడ అన్న మాట నాకు వినపడుతూనే ఉంది: "చెల్లాయికి పెట్రోలు వాసన పడటం లేదుటండీ." పది నిమిషాల్లో నాకు ఒక నిమ్మకాయ వచ్చింది, వాసన చూసుకోమని. జీపు కారుతోందని చెబితే నిమ్మకాయ పంపిన సైన్సు మాస్టారు ఈ రాష్ట్రంలో ఇంకొకరు ఉండరు.

ఆ సాయంత్రం పక్కింటావిడ జొన్నరొట్టెలూ పచ్చిపులుసూ తెచ్చి పెట్టింది. మా వైపు చారు కాచకుండా చేస్తే అత్తగారు చెయ్యి కడుక్కుని లేచిపోతుంది. ఇక్కడి పచ్చిపులుసుకు పొయ్యే అక్కర్లేదు, చింతపండు రసంలో ఉల్లిపాయ పిసకడమే. రొట్టె విరిచి ముంచుకుని తిన్నాక నేను మా చారును కొంచెం తక్కువగా చూడటం మొదలుపెట్టాను. అడక్కుండా అన్నం పెట్టిన చేతులు ఎక్కడివైనా నాకు గౌరవమే. అయితే ఆవిడ కోడలు వాళ్ల బావతో కట్టెల విషయంలో గోడ దగ్గర నిలబడి మాటకు మాట అంటుంటే నేను చెంపలు వేసుకోబోయాను. బావగారు లోపల్నుంచి మా వారితో, పాతికేళ్లుగా చూస్తున్నాను, వీళ్లకు పద్ధతులు తెలియవురా అన్నారు. తలుపు చాటున నేనూ తల ఊపాను.

వనపర్తి

మర్నాడు బయల్దేరాం. ముందు అన్నదమ్ములు, వెనక మేమిద్దరం, మా ఇద్దరి మధ్యా బావగారి ట్రాన్సిస్టరు. దాని ఏరియల్ తలకంటే ఎత్తుగా లాగి, ఎక్కడో జరుగుతున్న క్రికెట్ వినిపిస్తూ నడిపారు. దారి పొడవునా ఆముదం చేలు, వాటి మధ్య ఏనుగులు పడుకున్నట్టు బండరాళ్లు. ఎత్తు వచ్చినప్పుడల్లా జీపు దగ్గి ఆగేది. మొదటిసారి ఆగినప్పుడు బావగారు పెట్రోలు బంకు వాణ్ణి తిట్టారు, రెండోసారి రోడ్డు వేసినవాణ్ణి. పైపు వైపు మాత్రం చూడలేదు.

వనపర్తి బస్టాండు ఎదురుగా టీ అర్ధరూపాయి. అంత తియ్యటి పానకం కూడా నేను తాగలేదు. టీ కొట్టు పక్కనే వేపచెట్టు కింద మెకానిక్ ఖాజా ఉన్నాడు. నలభై ఏళ్ల మనిషి. బానెట్ ఎత్తకముందే ముక్కు ఎగబీల్చి, చిటికెన వేలు పైపు వంపు మీద పెట్టి తీసి చూపించాడు. తడి. ఆ క్షణాన నాకు ఆ వేలికి దణ్ణం పెట్టాలనిపించింది.

"సార్, గీ పైపు ఖలాస్. జర ఆగుండ్రి, కొత్తది ఏస్త. పావుగంట పని."

పావుగంట. ఆ పావుగంట కూర్చుని ఉంటే నేను ఈ వ్యాసం చీరల మీద రాసేదాన్ని. కాని బావగారికి ఇంకొకరు తన జీపు మీద చెయ్యి వేయడం సయించదు. ప్లాస్టిక్ అంటే ఏమిటి, అది ఎంత వేడికి మెత్తబడుతుంది అని ఖాజాకు పాఠం మొదలుపెట్టారు. ఖాజా బీడీ చెవి వెనక దోపుకుని, చేతులు కట్టుకుని, మంచి విద్యార్థిలా విన్నాడు. పాఠం అయ్యాక బావగారు పనిముట్ల పెట్టెలోంచి కరెంటు తీగలకు చుట్టే నల్ల టేపు తీసి పైపు వంపుకు తామే చుట్టారు.

"గా టేపు గోందు పెట్రోలుకు కరిగిపోతది సార్," అన్నాడు ఖాజా. బావగారు నవ్వారు. చదువురానివాడు చదువుకున్నవాణ్ణి చూసి జాలిపడటం ఖాజా ముఖంలో చూశాను. పైసా పుచ్చుకోకుండా పంపుతూ అతను వెనకసీటు దగ్గరకు వచ్చి మాతో చెప్పాడు: "అమ్మా, బీడీలు తాగెటోళ్లను బండి కాడికి రానియ్యకుండ్రి."

ఆ పూట మకాం బావగారి పాత విద్యార్థి ఇంట్లో. సాయంత్రం మా వారిని పక్కకు పిలిచి, ఖాజా చెప్పిందే నిజం, టేపు నిలవదు, పైపు మార్పించమనండి అని చెప్పాను. మా వారు మంచివారు. అన్నగారి ఎదుట మాత్రం ఆయనకు ఎనిమిదేళ్లే. వెళ్లి, "అన్నయ్యా, టేపు ఇంకో చుట్టు చుడితే బాగుంటుందేమో" అని వచ్చారు. బావగారు ఇంకో మూడు చుట్లు చుట్టారు. నా మాట ఇంట్లో ఒక మనిషి నోరు దాటేసరికి నిమ్మకాయ అవుతుంది, ఇంకో మనిషి నోరు దాటేసరికి టేపు అవుతుంది.

పెబ్బేరు

మూడో రోజు పొద్దున్నే పెబ్బేరు దాటుతుంటే రోడ్డు మధ్యకు వచ్చి ఒక ఆడమనిషి చెయ్యి అడ్డం పెట్టింది. నెత్తిన గంప, దాని మీద తడి గుడ్డ. బావగారు ఆపకూడదనే అనుకున్నారు, ఆవిడ పక్కకు తొలగకపోవడం వల్ల ఆపారు. ఈ ప్రయాణంలో నాకు దొరికిన మేలు ఆవిడే. పేరు ఈరమ్మ. గద్వాల ఇంకా ఐదారు మైళ్లు ఉందనగా రోడ్డు పక్కనే తన చేనట. మొదటి బస్సు రాలేదు, రెండోది కిక్కిరిసి ఆగలేదు.

గంపలో ఏముందని అడిగితే గుడ్డ తొలగించి చూపించింది. పత్తి పూలు. పూర్తిగా విచ్చనివి, లేత పసుపువి, గంప నిండా. మా వైపు పత్తి పూవును ఎవరూ కోయరు, కోసినవాణ్ణి పిచ్చివాడంటారు. ఈరమ్మ నా అజ్ఞానానికి నవ్వి, ఓపిగ్గా చెప్పింది. ఆవిడ వేసింది విత్తనపత్తి. చేలో ఆడ సాళ్లు వేరు, మగ సాళ్లు వేరు. ఆడ సాళ్ల మొగ్గలకు ముందు రోజు సాయంత్రమే కూలివాళ్లు రెక్కలూ పుప్పొడీ గిల్లేసి, తేనెటీగ వాలకుండా ఎర్ర కాగితం టోపీ పెడతారు. తెల్లారాక టోపీ తీసి, మగ పూవు తెచ్చి దానికి రాసి, రాసినట్టు గుర్తుకు తొడిమకు దారం కట్టాలి. ఈసారి ఆవిడ మగ సాళ్లను పురుగు తినేసింది. అందుకని ముందు రోజే పెబ్బేరు దగ్గర తమ్ముడి చేనికి వచ్చి, తెల్లవారకముందే పూలు కోసుకుని బయల్దేరింది.

"పొద్దు నెత్తి మీదికొచ్చేలోపల రాయాలమ్మా. దాటినంక రాసినా పట్టదు. నిన్న పన్నెండు సాళ్లు గిల్లిపిచ్చిన. రాయకుంటే రేపటికి అన్నీ రాలిపోతయి."

పన్నెండు సాళ్లంటే ఎంతో నాకు తెలియదు. ఆవిడ మాటిమాటికీ పొద్దు వైపు చూసే చూపుని బట్టి తెలిసింది. ముందు సీట్లో బావగారు ఇదంతా విని, దీన్ని పరపరాగ సంపర్కం అంటారని మా వారికి చెప్పారు. ఎనిమిదో తరగతి పాఠమట.

కృష్ణ దాటాక

బీచుపల్లి దగ్గర వంతెన మీద నుంచి కృష్ణమ్మకు నమస్కరించుకున్నాను. మా కాలవల్లోకి వచ్చి మా ముంగిట తిరిగే నీళ్లే ఇవి. ఇక్కడ రాళ్ల మధ్య ఒళ్లు ఒరుసుకుంటూ, ఎవరినీ అడగకుండా దారి చేసుకుంటున్నాయి. ఒడ్డున ఆంజనేయస్వామికి కూర్చున్నచోటు నుంచే దణ్ణం పెట్టాను. వంతెన దిగి రెండు మైళ్లు వెళ్లామో లేదో జీపు రెండుసార్లు కుదిపి ఆగిపోయింది.

బానెట్ ఎత్తేసరికి టేపు పాము కుబుసంలా ఊడి వేలాడుతోంది. గోందు కరిగి నల్లటి బంక. దాని కింద పైపు వంపు దగ్గర అడ్డంగా పగిలి, నోరు తెరుచుకుని, ఇంజను మీదికి పెట్రోలు కారుస్తోంది. అది అంటుకోలేదంటే వంతెన దగ్గరి స్వామి దయ అని నేను ఈ రోజుకీ నమ్ముతున్నాను. బావగారు మాత్రం టేపు నాసిరకమన్నారు.

తరవాత జరిగింది గంటసేపు చూశాను. మొదట బట్టల సబ్బు అరగదీసి పగులులో కూరారు. అది ఇంజను తిప్పగానే పిచికారీలా బయటికి చిమ్మింది. తరవాత అక్కయ్య చేతిరుమాలు చుట్టారు. తరవాత పైపును పగులు దగ్గర కోసేసి రెండు కొసలూ దగ్గరికి లాగారు. అందలేదు. పైపు కురచైపోయింది. ఇప్పుడు మునుపటి కంటే ఘోరం. మా వారు పక్కన నిలబడి, అవునన్నయ్యా, అవునన్నయ్యా అంటున్నారు. వచ్చిన లారీలు రెండూ దుమ్ము కొట్టి పోయాయి.

ఈరమ్మ గంప తెచ్చి జీపు నీడలో పెట్టింది. మా మరచెంబులో నీళ్లు అడిగి తీసుకుని గుడ్డ మీద చిలకరించింది. నీడ జరిగిన కొద్దీ గంప జరిపింది. అలా మూడుసార్లు జరిపింది. పూలు విచ్చుకుంటున్నాయి.

గంప రెండోసారి జరిపేసరికే నాకు తోచింది. రెండు కొసలూ కలవకపోతే మధ్యలో ఒక సన్నటి ఇనప గొట్టం దూర్చి, పైన గట్టిగా కట్టేస్తే సరి. అలాంటి గొట్టం వెనకసీటులో నా మోకాలికి తగులుతూనే ఉంది. ట్రాన్సిస్టరు ఏరియల్. అడుగున లావుపాటి గొట్టం, దానిలోంచి సన్నవి ఒకదానిలోంచి ఒకటి వస్తాయి. అడుగు గొట్టం సరిగ్గా ఆ పైపు లోపలికి పడుతుందని చూస్తేనే తెలుస్తోంది.

అక్కయ్యతో చెప్పాను. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ రేడియో మాట ఆయన దగ్గర ఎత్తితే కొంప మునుగుతుందంది. మా వారికి సైగ చేసి పిలిచి చెప్పాను. ఆయన వెళ్లి, బోలెడు తటపటాయించి, "అన్నయ్యా, రేడియో పెడితే కాస్త కాలక్షేపంగా ఉంటుందేమో" అన్నారు. బావగారు రేడియో పెట్టారు. స్కోరు చెప్పింది.

ఈరమ్మ అంతా చూస్తూనే ఉంది. మూడోసారి గంప జరిపి నా పక్కన గొంతుక్కూర్చుంది.

"నీకు తోచిందేదో ఉన్నది. గాయనకెందుకు చెప్తలేవు?"

మా ఇళ్లల్లో బావగారితో మాట్లాడరని చెప్పాను. ఆవిడ నన్ను వింత జంతువును చూసినట్టు చూసింది.

"పద్దెనిమిదేండ్లా? గదేం రివాజమ్మా. మాట్లాడితే ఏం చేస్తడు, కొడతడా?"

కొట్టరు. ఏమీ చెయ్యరు. ఏమీ చెయ్యరని తెలిసీ పద్దెనిమిదేళ్లు ఊరుకున్నాను. పొద్దు వైపు చూశాను. గంప వైపు చూశాను. గుడ్డ అంచు కింద ఒక పూవు పూర్తిగా విచ్చి, అప్పుడే కొంచెం మెత్తబడుతోంది. దేవుణ్ణి తలుచుకుని లేచాను. రేడియో తీసుకుని, నట్లు విప్పుతున్న బావగారి ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"బావగారూ, దీని ఏరియల్ కోయాలి. అడుగు గొట్టం ఆ పైపులో దూర్చి కడితే బండి నడుస్తుంది. పైపు కారుతోందని మొన్ననే చెప్పాను, నిమ్మకాయ పంపారు."

నా గొంతు ఎలా ఉంటుందో ఆయనకు అప్పుడే తెలిసింది. కాసేపు నా వైపు, కాసేపు రేడియో వైపు చూసి, స్పానరు కింద పెట్టి చెయ్యి చాపారు. తిడతారనుకున్నాను. ఆకురాయి తీసి, తామే ఏరియల్ చుట్టూ గాటు పెట్టి, మెల్లగా విరిచారు. లోపలి సన్న గొట్టాలు లాగేశాక బొటనవేలంత పొడుగు గొట్టం మిగిలింది. పైపు కొసల్లోకి బిగువుగా దిగింది, కొలత తీసి చేసినట్టు.

కట్టింది ఈరమ్మ. తొడిమలకు కట్టడానికి తెచ్చుకున్న దారం ఆవిడ దగ్గర ఉంది, గద్వాల మగ్గాల కాడ మిగిలిన పోగులు. నీళ్లలో తడిపి, పంటితో పట్టి లాగి, ఒక చుట్టు పక్కన ఒక చుట్టు పేర్చుకుంటూ రెండు కొసలనూ బిగించింది. రోజూ వేల ముళ్లు వేసే వేళ్లు అవి. బావగారు ఇంజను తిప్పారు. పట్టుకుంది. ఆ కట్టు దగ్గర నా వేలు పెట్టి చూశాను. పొడి.

చేను

పొద్దు ఇంచుమించు నెత్తి మీదికి వచ్చాక చేను చేరాం. ఆరుగురు కూలి ఆడవాళ్లు గట్టు మీద చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నారు. ఈరమ్మ జీపు ఆగకముందే దూకింది. థాంక్స్ చెప్పడం, కొంగుతో చెమట తుడుచుకోవడం లాంటివేం లేవు. పరుగెత్తుతూనే పూలు పంచింది. మాకూ పంచింది. అక్కయ్య చేతిలో, మా వారి చేతిలో, నా చేతిలో తలా గుప్పెడు.

బావగారు గట్టు మీద నిలబడి, పుప్పొడి కీలాగ్రం మీద ఎలా పడాలో చెప్పబోయారు. ఈరమ్మ ఆయన చేతిలోనూ పూలు పెట్టింది. "చెప్పుడు ఎన్కకు సార్. రాయుండ్రి." పాతికేళ్లు నల్లబల్ల మీద ఆ బొమ్మ వేసిన మనిషి మొదటి మొగ్గ కాడనే విరిచేశారు. రెండోది జాగ్రత్తగా రాశారు. మూడోదానికి దారం తామే కట్టారు. నన్ను చూసి, ముడి ఇలాగేనా అమ్మా అని అడిగారు. ఇలాగేనండీ అన్నాను. మా మధ్య రెండో మాట అది.

టోపీ తీయడం, రాయడం, కట్టడం. నడుము విరిగిపోతోంది. ఒక్కో పూవు నాలుగైదు మొగ్గలకు సరిపోతుందన్నారు. పోను పోను రెండిటికి కూడా చాలడం లేదు. ఎనిమిదో సాలు చివరికి వచ్చేసరికి రెక్కలు వాడిపోయాయి, పుప్పొడి వేలికి అంటడం మానేసింది. ఈరమ్మ ఒక పూవు తీసి గోటి మీద రాసి చూసుకుంది. గంప బోర్లించింది.

"ఇగ చాలు. రాసినా పట్టదు."

గట్టు మీద కూర్చుని మూట విప్పి జొన్నరొట్టె విరిచింది. మొదటి ముక్క తను తినలేదు, నాకు చాపింది.

"తిను తల్లీ. నువ్వు నోరు తెరిచినవు గనక గీ ఎనిమిదన్న దక్కినయి."

ఆవిడ లెక్క ఎనిమిది దగ్గర ఆగింది. మనుషుల మీద నాకున్న వెటకారమంతా ఆ ఒక్క మాట దగ్గర ఎక్కడికో పోయింది. రొట్టె రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాను. ఎదురుగా మిగిలిన నాలుగు సాళ్లు ఎర్ర కాగితం టోపీలు తీయకుండానే ఎండలో నిలబడి ఉన్నాయి. ఆ నాలుగూ నేను పాటించిన మర్యాదకు పోయాయి.